నాలుగు చిన్న గ్లాసుల ముందు మొహమాటం

ప్రశ్న:

నాకు ముప్పయ్యారేళ్లు. మాది తెనాలి పక్కన పల్లె. నాలుగేళ్లుగా అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని హిల్స్‌బరోలో ఉంటున్నాం. నేను, నా భార్య, ఆరేళ్ల పాప. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న బార్ ఉంది. ప్రతి గురువారం సాయంత్రం అక్కడ క్రాఫ్ట్ బీర్ టేస్టింగ్, అంటే చిన్న కంపెనీలు కాచే రకరకాల బీర్లు రుచి చూడడం, పెడతారు. పక్కింట్లో ఉండే రిటైరైన పెద్దాయన రమ్మంటే పోయిన నెల మొదటిసారి వెళ్లాను. ఆఫీసు నుంచి తిన్నగా, ఏమీ తినకుండానే వెళ్లాను. చెక్క ట్రేలో నాలుగు చిన్న గ్లాసులు ఇచ్చారు. మొదటిదే విపరీతమైన చేదు. పక్కవాళ్లు ఇందులో గ్రేప్‌ఫ్రూట్ ఉంది, పైన్ ఉంది అంటున్నారు. నాకేమీ తెలియలేదు, తల ఊపాను. నాలుగూ అడుగంటా తాగేశాను. తర్వాత పెద్దాయన తనకిష్టమైన డబుల్ ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరులో ఘాటైన రకం) ఒక పైంట్ కొనిపెట్టారు. కాదనలేకపోయాను. గంటలోపే తల తిరిగింది. ఎలాగో నడిచి వచ్చాను గానీ ఇంటికి రాగానే వాంతి అయింది. నా భార్య ఒక్క మాటే అంది: "మా పెదనాన్న కూడా ఇలా సరదాగానే మొదలుపెట్టాడు." ఆయన తాగుడుతోనే పోయారు. ఊళ్లో ఉన్నప్పుడు ఎప్పుడైనా స్ట్రాంగ్ బీరు ఒక సీసా తాగినా నాకేమీ అయ్యేది కాదు. సెప్టెంబరులో ఆ బార్‌లో ఫ్రెష్ హాప్ నైట్ అని ప్రత్యేకంగా చేస్తారట. పెద్దాయన మళ్లీ పిలుస్తున్నారు. సరిగ్గా అప్పుడే మా అత్తయ్యగారు, మావయ్యగారు ఇండియా నుంచి వస్తున్నారు. వెళ్లాలనీ ఉంది, భయంగానూ ఉంది. నాలుగేళ్లలో ఈ వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి ఆయనే. ఏం చేయమంటారు?

సమాధానం:

మీ ఉత్తరంలో చివరి ప్రశ్నకు ముందున్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నాలుగేళ్లపాటు ఒక వీధిలో ఉండి, పొద్దున చెత్తడబ్బా బయట పెట్టేటప్పుడు చెయ్యి ఊపడం తప్ప ఇంకేమీ లేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేనూ ఈ ప్రాంతంలోనే పన్నెండేళ్లుగా ఉంటున్నాను. కాబట్టి మీరు అడిగినదాంట్లో రెండు విషయాలున్నాయని నాకు అనిపిస్తోంది. ఒకటి బీరు, రెండోది ఆ పెద్దాయన. రెండూ కలిసిపోయి ఉన్నాయి కాబట్టే మీకు ఇంత టెన్షన్. బీరు సంగతి ముందు చూద్దాం, అది తేలిక.

ఆ రోజు మీకు జరిగినదాంట్లో మీ శరీరం తప్పేమీ లేదు. లెక్క చూడండి. టేస్టింగ్ ట్రేలో ఇచ్చే చిన్న గ్లాసు మామూలుగా నాలుగు ఔన్సులు, అంటే దాదాపు 120 మిల్లీలీటర్లు. అలాంటివి నాలుగు కలిస్తే ఒక పైంట్, 473 మిల్లీలీటర్లు. చూడ్డానికి బొమ్మ గ్లాసుల్లా ఉంటాయి కాబట్టి ఎవరికీ ఆ సంగతి తట్టదు. వాటిలో ఆల్కహాల్ సగటున 7 శాతం అనుకుంటే 33 మిల్లీలీటర్ల ఆల్కహాల్ లోపలికి వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన డబుల్ ఐపీఏ మామూలుగా 8 శాతం పైనే ఉంటుంది. 8.5 అనుకుంటే ఒక పైంట్‌లో మరో 40. మొత్తం 73 మిల్లీలీటర్లు, అదీ గంటలో, ఖాళీ కడుపుతో. ఊళ్లో మీరు తాగిన 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో ఉండేది సుమారుగా యాభై. అంటే సీసాన్నర బీరు, పక్కన పకోడీ ముక్క కూడా లేకుండా, గంటలో తాగారు. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 5 శాతం బీరు 355 మిల్లీలీటర్లు. ఆ కొలతలో మీరు తాగినవి నాలుగు. ఒక డ్రింక్‌ని శరీరం వదిలించుకోవడానికి సుమారుగా గంట పడుతుంది. కాఫీ తాగినా, తల మీద చన్నీళ్లు పోసుకున్నా ఆ గంట తగ్గదు. చాలా బార్లలో డబుల్ ఐపీఏని పైంట్ గ్లాసులో పోయరు, చిన్న గ్లాసులోనే ఇస్తారు. కారణం ఇదే.

ఇంతకీ నాలుగు గ్లాసులూ అడుగంటా ఎందుకు తాగారు? దాహమేసి కాదు, అంత నచ్చీ కాదు. విస్తట్లో వడ్డించింది వదలకూడదని పెరిగాం కాబట్టి. మెతుకు పారేస్తే కళ్లు పోతాయని మా నాయనమ్మ అనేది, మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ అలవాటు అన్నం దగ్గర బంగారం లాంటిది. టేస్టింగ్ దగ్గర మాత్రం దాన్ని ఇంట్లో పెట్టి వెళ్లండి. రుచి చూడడానికి రెండు గుక్కలు చాలు, మూడో గుక్క ఇష్టపడితేనే. మిగిలింది గ్లాసులో వదిలేయవచ్చు. కొన్నిచోట్ల మిగిలింది ఒంపడానికి బల్ల మీద ఒక జగ్గు కూడా పెడతారు. అందులో ఒంపితే పోసినవాళ్లు నొచ్చుకోరు. బీరు తయారుచేసే మనిషి స్వయంగా ఎదురుగా నిలబడి ఉన్నా సరే. వాళ్లకి కావలసింది ఖాళీ గ్లాసు కాదు, మీకు ఏమనిపించిందో రెండు మాటలు.

ఆ రెండు మాటల దగ్గరే మీరు తల ఊపి ఊరుకున్నారు. గ్రేప్‌ఫ్రూట్ మీ ఇంట్లో పెరగలేదు, పైన్ అడవి మీ ఊళ్లో లేదు. వాళ్ల మాటలు మీకు అందకపోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ పంపరపనస తెలుసు కదా? తొన తెరిచి పైపొర ఒలిచేటప్పుడు వేళ్లకి అంటే ఆ చేదు, ఆ వాసన? వాళ్లు అంటున్నది దాదాపు అదే. చారులో మిరియం ఒక్కటి ఎక్కువైతే కనిపెట్టే నాలుక మనది. పప్పు తాలింపులో వెల్లుల్లి మాడిందా, ఎర్రబడిందా అన్నది వంటింటి గుమ్మం దగ్గరే చెప్పేస్తాం. ఆ ముక్కుతో, ఆ నాలుకతో వెళ్లండి. మీ మాటలు మీరు తెచ్చుకోండి.

అసలు బీరులో ఉండేవి నాలుగే: నీళ్లు, మాల్ట్, హాప్స్ (చేదూ వాసనా ఇచ్చే ఒక తీగ పువ్వులు), పులియబెట్టే ఈస్ట్. మాల్ట్ అనే మాట మనకి కొత్త కాదు, రాగి మాల్ట్ తాగి పెరిగాం. ధాన్యం నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి వేయించడమే. రాగులకు బదులు ఇక్కడ బార్లీ. సన్నసెగ మీద కొద్దిగా వేగితే రొట్టె వాసన, ఇంకా వేగితే పాకం వాసన, నల్లబడేదాకా వేగితే ఫిల్టర్ కాఫీ డికాక్షన్ వాసన. స్టౌట్ అనే నల్ల బీరు అలా వస్తుంది. నల్లగా ఉంటే మత్తెక్కువని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. పేరున్న ఐరిష్ స్టౌట్ గిన్నిస్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే. మిమ్మల్ని పడగొట్టిన డబుల్ ఐపీఏ చూడ్డానికి నారింజరంగులో ముద్దుగా ఉండి ఉంటుంది, అయినా మత్తులో దీనికి రెట్టింపు. రంగు చూసి కాదు, బోర్డు మీద పేరు పక్కన రాసే శాతం చూసి ఎంచుకోండి.

ఈస్ట్ పని మనకి ఇంకా బాగా తెలుసు. చెట్టు నుంచి దించిన తాటికల్లు పొద్దున తియ్యగా ఉండి సాయంత్రానికి పులిసిపోతుంది. గాలిలోని ఈస్టూ బ్యాక్టీరియా కలిసి చేసే పని అది. ఎవరైనా సోర్ బీరు ఇస్తే బెదరకండి, తరవాణి కుండ మూత తీసినప్పటి పులుపు గుర్తుచేసుకోండి. బెల్జియం పద్ధతి గోధుమ బీరు విట్‌బియర్‌లో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ధనియాలు! మన వంటింటి డబ్బాలోవే. జర్మన్ పద్ధతి హెఫెవైజెన్‌లో అయితే అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అందులో ఆ రెండూ వెయ్యరు, ఆ ఈస్టే అలాంటి వాసన పుట్టిస్తుంది. మీ ఊరికి దగ్గర్లోని పోర్ట్‌లాండ్‌లో విడ్మర్ సోదరులు 1986లో మొదలుపెట్టిన హెఫెవైజెన్‌లో మాత్రం ఆ అరటిపండు ఉండదు. వాళ్లు వేరే ఈస్ట్ వాడి అమెరికన్ పద్ధతిలో చేశారు. పేరు ఒకటే, రుచి వేరు. మీకు తెలియడం లేదని అనుకోకుండా ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

మీకు మొదటిదే చేదు ఎక్కువగా ఉన్నదంటే వరుస తప్పింది. టేస్టింగ్‌లో తేలిక నుంచి ఘాటుకి వెళ్లాలి. గోధుమ బీరో, తేలికైన పిల్స్‌నరో ముందు, కాస్త చేదుండే పేల్ ఏల్ తర్వాత, ఇంకా చేదైన ఐపీఏ ఆపైన, స్టౌటో సోరో చివర. కాకరకాయ వేపుడు తిన్నాక పాయసం తింటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది వరుస తప్పితే. ట్రే మీ ముందు పెట్టినప్పుడు "ఏది ముందు తాగాలి?" అని అడగండి. ఆ ప్రశ్నకి ముఖం విప్పార్చుకోని బార్‌టెండర్‌ని నేనింతవరకు చూడలేదు. ఏదైనా తీసుకునే ముందు ఒక గుక్క రుచి చూపించమనీ అడగొచ్చు, మామూలుగా దానికి డబ్బు తీసుకోరు.

గ్లాసు చేతికి వచ్చాక తొందరపడకండి. ముందు నురగ చూడండి. గ్లాసు లోపలి గోడకి బుడగలు అక్కడక్కడ అతుక్కుని కనిపిస్తే గ్లాసు శుభ్రంగా కడగలేదని గుర్తు, మార్చమనొచ్చు. తర్వాత గ్లాసుని మెల్లగా తిప్పి ముక్కు లోపలికి పెట్టండి. తాగకముందే సగం సంగతి అక్కడ తెలిసిపోతుంది. చిన్న గుక్క తీసుకుని నాలుకంతా తడిసేదాకా ఉంచి మింగండి. ఇప్పుడు ఆగండి. చేదు వెంటనే రాదు. మింగిన తర్వాత, నాలుక వెనకనుంచి మెల్లగా పైకి వస్తుంది. మంచి బీరులో అది వచ్చి, కాసేపుండి, వెళ్లిపోతుంది, మీకు మళ్లీ ఒక గుక్క కావాలనిపిస్తుంది. బాగా లేనిదాంట్లో గొంతులో గీరుకున్నట్టు అలాగే ఉండిపోతుంది. రెండో గుక్కకి ముందు మంచినీళ్లు తాగండి. ఒక్కో బీరుకీ మధ్య ఒక గ్లాసు నీళ్లు, ఇది మాత్రం రాజీపడని నియమంగా పెట్టుకోండి. కాచిన వెన్నలాంటి వాసన గట్టిగా వస్తే, తడిసిన అట్టపెట్టె వాసన వస్తే, అది మీ నాలుక పొరపాటు కాదు, బీరులోనో పైపుల్లోనో ఏదో లోపం ఉందని అర్థం.

వెళ్లే ముందు ఇంట్లో అన్నం తినండి. పెరుగన్నమైతే ఇంకా మంచిది. ఆ రోజుకి పచ్చిమిరపకాయ పక్కన పెట్టండి. నోట్లో కారం ఉంటే బీరు చేదు మరింత మండుతుంది, సన్నని వాసనలేవీ తెలియవు. నడిచి వెళ్లండి, నడిచి రండి. అది మీరు ఇప్పటికే చేస్తున్నారు, అందుకు నిజంగా మెచ్చుకుంటున్నాను. ఎప్పుడైనా పోర్ట్‌లాండ్ దాకా వెళ్లాల్సివస్తే మ్యాక్స్ రైలుంది. ఒరెగాన్‌లో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే డ్రైవింగ్ నేరం. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ కేసు ఒక్క జరిమానాతో పోయేది కాదు. అసలు అంతకన్నా ముందు, రోడ్డు మీద ఎవరో ఒకరి పాప ఉంటుంది. షుగరుకో, బీపీకో, నిద్రకో మాత్రలు వాడుతుంటే డాక్టర్ని అడక్కుండా గుక్క కూడా వద్దు.

ఇక ఆ పైంట్ సంగతి. అసలు కష్టం అక్కడుంది. పెద్దాయన ప్రేమగా కొనిపెట్టారు, మీరు కాదనలేకపోయారు. మన దగ్గర ఇంటికొచ్చినవాడికి మూడోసారి వడ్డించేటప్పుడు వాడు చెయ్యి అడ్డం పెట్టినా గరిటె ఒంపుతాం. వద్దంటే మొహమాటమనే అనుకుంటాం కాబట్టి. ఇక్కడ అలా కాదు. ఒకసారి వద్దంటే వద్దనే అర్థం, ఎదుటివాళ్లు దాన్ని అవమానంగా తీసుకోరు. మీరు చేయాల్సిందల్లా నవ్వుతూ, స్పష్టంగా, "ఈ రోజుకి నాకు చాలు, వచ్చేవారం నేను కొంటాను" అనడం. ఈ మాట ఇంట్లో రెండుసార్లు పైకి అని చూసుకోండి, తమాషాకి చెప్పడం లేదు. గ్లాసు ముందుకొచ్చాక మాట వెతుక్కుంటే దొరకదు. చేతిలో నీళ్ల గ్లాసు ఉంటే ఇంకా సులువు, ఖాళీ చేతిలోనే జనం ఏదో ఒకటి పెట్టాలని చూస్తారు.

మీరు నేరుగా అడగకపోయినా ఒకటి చెప్పాలి. మాట్లాడడానికి బీరు అవసరమైతే, గ్లాసు లేనిదే ఆ బల్ల దగ్గర కూర్చోలేకపోతే, గురువారం కోసం బుధవారం నుంచే ఎదురుచూస్తుంటే, ఆగండి. ఒక గురువారం వెళ్లి రూట్‌బీరో, సోడానో తీసుకుని కూర్చుని చూడండి. రూట్‌బీరులో పేరుకే బీరుంది, అది మత్తులేని తియ్యటి సోడా. కూర్చోగలిగారా, నవ్వగలిగారా, మంచిదే. లేదంటే ఆ సంగతి దాచుకోకుండా డాక్టరుతో మాట్లాడండి.

మీ భార్య మాట దగ్గరికి వద్దాం. ఆవిడది చాదస్తం అని మీరు రాయలేదు, అందుకు సంతోషం. ఆవిడ భయం వార్తల్లో చదివి వచ్చింది కాదు. ఇంట్లో ఒక మనిషి రోజురోజుకీ కరిగిపోవడం చిన్నప్పుడు కళ్లారా చూసి ఉంటుంది. ఆ రాత్రి మీరు వాష్‌బేసిన్ మీద వంగి ఉన్నప్పుడు ఆవిడకి కనబడింది మీరు కాదు. పైన రాసిన లెక్కంతా చెప్పి, "టేస్టింగ్ అంటే ఇది, ఆరోగ్యానికేం కాదు" అని వాదించకండి. లెక్కతో ఆ భయం పోదు. జరిగింది జరిగినట్టు చెప్పండి: ఖాళీ కడుపుతో వెళ్లాను, మొహమాటానికి పైంట్ తాగాను, తప్పు చేశాను. తర్వాత, ఎందుకు వెళ్లాలనుంటుందో చెప్పండి. ఆ పేరు పెట్టి పిలిచిన సంగతి ఆవిడకి చెప్పారా? మీ ఉత్తరం చూస్తే చెప్పలేదనిపిస్తోంది. నాకు రాయగలిగిన మాట ఆవిడకి ముందు చెప్పాల్సింది. ఆవిడకీ ఈ వీధిలో పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కూడా అడగండి.

ఇప్పుడు ఫ్రెష్ హాప్ నైట్. అదేమిటో తెలిస్తే ఎందుకంత ఉత్సాహమో మీకు అర్థమవుతుంది. మీరున్నది హాప్స్ పండే నేల పక్కన. హిల్స్‌బరోకి దక్షిణంగా విలామెట్ లోయలో, పైన వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా లోయలో పందిళ్లు వేసినట్టు ఎత్తైన తీగల మీద హాప్స్ పెరుగుతుంది. అమెరికాలో పండే హాప్స్‌లో ఎక్కువ భాగం ఆ యాకిమా లోయదే. క్రాఫ్ట్ బీరు చరిత్రని మలుపు తిప్పిన కాస్కేడ్ అనే హాప్ రకం మీ ఒరెగాన్‌లోని కార్వాలిస్ పరిశోధన కేంద్రంలో పుట్టి 1972లో బయటికొచ్చింది. 1980లో కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కంపెనీ తన పేల్ ఏల్‌లో దాన్ని దండిగా వాడాక, ఆ పంపరపనస వాసన దేశమంతా పాకింది. ఆ రోజు మీకు అందకుండా పోయిన వాసనకి మూలం మీ రాష్ట్రంలోనే ఉంది. 1985లో ఒరెగాన్ చట్టం మార్చి, బీరు కాచినవాళ్లు అక్కడే జనానికి పోసి అమ్ముకోవచ్చని అనుమతించింది. మీ ఇంటి దగ్గరి బార్ లాంటివి బతకడానికి నేల ఆ చట్టంతో సిద్ధమైంది.

హాప్స్ కోత ఆగస్టు చివర మొదలై సెప్టెంబరుతో దాదాపు అయిపోతుంది. కోసిన మొగ్గల్ని వెంటనే వేడిగాలిలో ఆరబెడతారు, లేకపోతే కుళ్లిపోతాయి. ఏడాది పొడుగునా తాగే బీర్లన్నిటిలో ఆ ఎండు హాప్సే ఉంటుంది. కోత రోజుల్లో మాత్రం కొందరు తోటకి లారీ తీసుకెళ్లి, పచ్చి మొగ్గలు ఎక్కించుకుని వచ్చి, ఆ రోజే, లేదా మర్నాటిలోపే బీరు కాగులో వేస్తారు. పచ్చిదాంట్లో నీరెక్కువ కాబట్టి ఎండుదానికన్నా ఎన్నో రెట్లు బరువు వెయ్యాలి. దూరం ఊళ్లవాళ్లకి ఇది కుదరదు, పొలం పక్కనున్నవాళ్లకే సాధ్యం. పచ్చి కరివేపాకుకీ, ఎండి డబ్బాలో ఉన్నదానికీ ఎంత తేడా ఉంటుందో అంత తేడా. పైగా అది నిలవుండదు. తాటిముంజల్లాగ, వచ్చినప్పుడే తినాలి. కొన్ని వారాలు దాటితే ఆ పచ్చివాసన పోయి మామూలు బీరైపోతుంది. అందుకే ఆ ఒక్క రాత్రికి బార్ నిండిపోతుంది.

నేను మొదటిసారి అలాంటి రాత్రికి వెళ్లినప్పుడు బీరు తయారుచేసేవాళ్లు ఒక గోనెసంచి తెచ్చి బల్ల మీద బోర్లించారు. లేతాకుపచ్చ మొగ్గలు, బొటనవేలంత ఉంటాయి, ఒకదానిమీదొకటి పొలుసుల్లా సన్నని రేకులు. నాలుగు తీసుకుని రెండు అరచేతుల మధ్య నలపమన్నారు. రేకుల మొదట్లో పసుపురంగు పొడి ఉంటుంది, అది చేతికి జిగురుగా అంటుకుంది. దోసిలి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు గడ్డి, నిమ్మ, పైన్ అంటున్నారు. నాకు మాత్రం మా పెరట్లో నిలబడ్డట్టైంది. మామిడికాయ తొడిమ తుంచగానే చిమ్మే జీడి ఉంటుంది చూడండి, ఆ వాసన. ఆ మాట చెప్పడానికి మొదట సిగ్గుపడ్డాను. చెప్పాక ఆ బీరు కాచిన మనిషి ఎగిరి గంతేసినంత పని చేశారు. మిర్సీన్ అనే నూనె హాప్స్‌లో ప్రధానమైనదట, మామిడిలోనూ ఉంటుందట. తర్వాత చదివి చూశాను, నిజమే. ఆ రాత్రి నా మాట విని ఆ బల్ల చుట్టూ ఉన్న పదిమందీ మళ్లీ దోసిళ్లు వాసన చూసుకున్నారు. మామిడిచెట్ల మధ్య పుట్టి పెరిగిన ముక్కుకి తప్ప అది అందదు. నేను తాగింది ఆ రోజు అరగ్లాసే.

అయితే వెళ్లాలా? నా సలహా ఇది. మీ భార్యతో ముందు మాట్లాడండి. మనస్ఫూర్తిగా సరే అంటేనే వెళ్లండి, గంటసేపు, రెండు చిన్న గ్లాసులు, అంతే. "ఈ సంవత్సరం వద్దు" అంటే వెళ్లకండి. అలిగి కాదు, నిజంగానే. తాగుడుకి అన్ననో తోడల్లుణ్ణో పోగొట్టుకున్న మనిషి అంత దూరం నుంచి కూతురింటికి వస్తున్నారు. అల్లుడి నోట బీరు వాసన ఆయనకి ఎలా తగులుతుందో మీరూ నేనూ ఊహించగలం. వెళ్లినా వెళ్లకపోయినా దాచిపెట్టడం మాత్రం వద్దు. ఆఫీసులో మీటింగ్ అని చెప్పి వెళ్లి, నోట్లో సోంపు వేసుకుని రావడం, అది రెండు గ్లాసుల బీరు కన్నా ఎక్కువ హాని చేస్తుంది. హాప్స్ మళ్లీ ఏడాది పండుతుంది.

పెద్దాయన్ని మాత్రం వదులుకోకండి. ఆయన మిమ్మల్ని బార్‌కి పిలిచారు, మీరు ఆయన్ని ఇంటికి పిలవండి. ఒక ఆదివారం పొద్దున పెసరట్టు, అల్లప్పచ్చడి. కారం తగ్గించి చేయండి. ఆ పైంట్ కొనిపెట్టిన రాత్రి మీకు ఒంట్లో బాగాలేకుండా పోయిందని ఆయనకి కూడా చెప్పండి, తెలిస్తే బాధపడతారు, ఇంకోసారి బలవంతం చెయ్యరు. ఆయనే ఏదో ఒకరోజు ఐపీఏ అంటే మీ దేశపు బీరే కదా అని అడుగుతారు, చూడండి. పేరులో ఇండియా ఉంది గానీ అది ఇంగ్లండ్‌లో కాచి, అక్కడినుంచి వచ్చి మన దగ్గరున్న తెల్లవాళ్ల కోసం ఓడల్లో పంపిన బీరని చెప్పండి. మాటలు అక్కణ్ణుంచి మచిలీపట్నం రేవు దాకా వెళ్తాయి.

ఇంకొక్క పని. మీరు వెళ్తే మీరే, వెళ్లకపోతే ఆ పెద్దాయన్ని అడిగి, ఆ రాత్రి బల్ల మీద పోసే పచ్చి మొగ్గల్లోంచి ఒక గుప్పెడు ఇంటికి తెప్పించండి. కాగితంలో చుట్టి తెస్తే చాలు, అవి పువ్వులే, అందులో మత్తేమీ లేదు. మీ భార్య చేతిలో రెండు, మావయ్యగారి చేతిలో రెండు పెట్టి నలిపి వాసన చూడమనండి. ఏమిటో ముందుగా చెప్పకండి. వాళ్లకేం గుర్తొచ్చిందో నాకు తప్పకుండా రాయండి.